నేవీని దింపేస్తే స్మగ్లింగ్ ఆగిపోద్దా? కోస్ట్ గార్డ్‌లో 22 ఏళ్లు చేసినోడి సమాధానం

ఒంగోలు నుంచి ఒక డిగ్రీ ఫైనలియర్ కుర్రోడు అడిగిన ప్రశ్న ఇది. "అంకుల్, డ్రగ్స్, ఎర్రచందనం, బంగారం, ఇయ్యన్నీ నాలుగైదు దేశాల్లో మనుషులున్న ముఠాల పనే గదా, పోలీసోళ్ల వల్ల కావడం లేదు గదా, ఆర్మీనీ నేవీనీ డైరెక్ట్‌గా దింపేస్తే నెల రోజుల్లో తేలిపోద్ది, ఎందుకు దింపరు? నేను సీడీఎస్ (సైన్యంలో ఆఫీసర్లకి పెట్టే పరీక్ష) రాయాలా, లేకపోతే ఎన్‌సీబీ (డ్రగ్స్ కేసులు చూసే కేంద్ర నార్కోటిక్స్ బ్యూరో) లాంటి దాంట్లోకి ట్రై చెయ్యాలా?" అని. వచ్చిన సమాధానాల్లో సగం "సూపర్ బ్రో, కాల్చి పారేయాలి" టైపులోనే ఉండాయి కాబట్టి కొంచెం ఓపిగ్గా రాస్తా.

ముందు నా సంగతి. మాది కావలి పక్కన పట్టపుపాలెం, మా నాయన వేటకెళ్లేవాడు, నేను కోస్ట్ గార్డ్‌లో నావిక్‌గా చేరి 'ఉత్తమ్ అధికారి' అనే ర్యాంకులో రిటైరయ్యా. సర్వీసులో ఎక్కువ భాగం బోర్డింగ్ పార్టీలోనే చేశా, అంటే నడిసముద్రంలో అవతలోడి పడవ ఎక్కి సోదా చేసే బ్యాచ్. మోకాళ్లు అరిగింది అక్కడే, అలల మీద ఎగిరే రబ్బరు బోటులోంచి తాడు నిచ్చెన పట్టుకోని ఎక్కాలంటే తెలుస్తాది.

నీ ప్రశ్నకి నా సమాధానం ఒక్క ముక్కలో: సముద్రం మీద దించే ఉండారు, ఎప్పటినుంచో. ఒడ్డు మీద మాత్రం దించగూడదు. ఎందుకో చెప్తా.

అసలు కోస్ట్ గార్డ్ పుట్టిందే స్మగ్లింగ్ వల్ల. 1960లు, 70ల్లో బంగారం, వాచీలు, ఫారిన్ గుడ్డలు పడవల మీద దిగేవి, కస్టమ్స్ వాళ్ల దగ్గర ఉన్న లాంచీలకి వాటిని తరిమే దమ్ము లేదు, నేవీ ఓడలు పంపిద్దామంటే యుద్ధానికి కట్టిన ఓడని వాచీల పడవ వెనక తిప్పడం ఏంది, ఖర్చెంత. అప్పుడు రుస్తంజీ కమిటీ కూర్చోని, దీనికి వేరే దళం కావాలని చెప్పింది, 1978లో చట్టం వచ్చింది, 7 ఓడలతో మొదలుపెట్టారు. రక్షణ శాఖ కిందే ఉంటాం, యూనిఫాం ఉంటది, తుపాకీ ఉంటది, కానీ మాకు కస్టమ్స్ చట్టం కింద, ఎన్‌డీపీఎస్ అనే డ్రగ్స్ చట్టం కింద సోదా చేసే పవర్లు కూడా ఇచ్చారు. సగం సిపాయి సగం పోలీసు అనుకో. నువ్వు అడిగిన ప్రశ్నకి మన దేశం అప్పుడే ఒక సమాధానం చెప్పి పెట్టింది, జనం పెద్దగా గమనించలా అంతే.

ఇంక సముద్రం మీద ఎవుడి చెయ్యి ఎంతవరకు పోద్దో చూడు, ఇది పుస్తకాల్లో ఉండేదే గానీ అక్కడ నిలబడితే వేరే రకంగా అర్థం అవుద్ది. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్ల చిల్లర, మన ఊరి వీధి లాంటిది, మన చట్టమే. 24 దాకా కస్టమ్స్ లాంటి వాటికి కొంత హక్కుంది. 200 మైళ్ల దాకా చేపలూ చమురూ మనవి, కానీ పోయే ఓడలు మనవి కాదు. దాని అవతల ఓడ ఏ దేశం జెండా ఎగరేస్తే ఆ దేశం మనిషే దాని మీద పెద్ద. సముద్రపు దొంగలైతే ఎవరైనా పట్టుకోవచ్చు, బానిసల్ని ఎక్కిస్తే ఎక్కి చూడొచ్చు, ఏ జెండా లేని పడవైతే ఎక్కొచ్చు. డ్రగ్స్ మాత్రం ఆ లిస్టులో లేదు! 1982 సముద్ర చట్టంలో డ్రగ్స్ విషయం వచ్చేసరికి "ఒకరికొకరు సహకరించుకోండి" అని వదిలేశారు, 1988 వియన్నా ఒప్పందంలో జెండా దేశాన్ని అడిగి పర్మిషన్ తీసుకోని ఎక్కాలన్నారు. అంటే కళ్ల ముందు పడవ పోతుంటది, లోపల సరుకుందని ఇన్ఫర్మేషన్ ఉంటది, మనం ఢిల్లీకి మెసేజ్ పెడితే వాళ్లు ఆ దేశం ఎంబసీని పట్టుకోవాల. అందుకే స్మగ్లర్లు ఎక్కువగా జెండా గిండా ఏం లేని ధౌలు, అంటే అరబ్బు రకం సరుకు పడవలు, వాడతారు, రిజిస్ట్రేషన్ ఉంటే వాళ్లకే తలనొప్పి. ఆ తెలివే మనకి కలిసొస్తది, జెండా లేదంటే ఎక్కి చూసే హక్కు మనకి వచ్చేస్తది గదా.

ఎక్కినాక ఏం చూస్తామంటే, సినిమాల్లో లాగా గోడ బద్దలుకొట్టడం కాదు. నేను మొదట చూసేది వల. మా నాయన పుణ్యాన ఆ ఒక్క విద్య నాకు ట్రైనింగ్ లేకుండానే వచ్చింది. నెల రోజులుగా వేటలో ఉన్నామని సరంగు, అంటే పడవ నడిపే పెద్ద, చెప్తాడు, వల చూస్తే కొత్త పెళ్లికూతురి చీరలాగా మడత నలగకుండా ఉంటది, బెండ్ల మీద ఒక్క గీత ఉండదు, తాడుకి ఒక పొలుసు అంటుకోని ఉండదు. ఐసు గది తెరిస్తే చేపల కంపు రాదు. చేపల కంపు రాని ఫిషింగ్ బోటు ఈ లోకంలో ఉండదు నాయనా, కడిగినా పోదు అది, మా అమ్మ ఎన్ని సబ్బులు అరగదీసినా మా నాయన చొక్కాలకి పోలా. తర్వాత డీజిల్ డ్రమ్ములు లెక్కపెడతాం, వారం వేటకి ఎంత కావాల, వీడి దగ్గరెంత ఉంది. మనుషుల చేతులు చూస్తాం, వల లాగినోడి అరచెయ్యి చెప్పేస్తది. సాట్ ఫోన్ ఉంటే ఇంక అనుమానమే లేదు, మన దేశంలో లైసెన్సు లేకుండా తురాయా లాంటి శాటిలైట్ ఫోన్ దగ్గర పెట్టుకోవడమే నేరం. అప్పుడు టాంకులు, గచ్చు కింద బోలు, ఇంజిన్ రూము పలకలు, ఒక్కోటీ కొట్టి చూసుకుంటా పోతాం, బోలుగా మోగాల్సిన చోట గట్టిగా మోగితే అక్కడ ఆగుతాం. ఎండలో లైఫ్ జాకెట్ వేసుకోని ఆరేడు గంటలు ఇదే పని, ఎక్కువసార్లు ఏమీ దొరకదు కూడా, సారీ చెప్పి దిగి వచ్చేస్తాం.

దొరికినప్పుడు మాత్రం మామూలుగా ఉండదు. 2019 సెప్టెంబరులో కార్ నికోబార్ దగ్గర మా రాజ్‌వీర్ ఓడ ఒక మయన్మార్ పడవని పట్టుకుంటే 1,160 కిలోల కెటమిన్. 2021 మార్చిలో మినికాయ్ దగ్గర వరాహ ఓడ శ్రీలంక పడవని ఆపితే 300 కిలోల హెరాయిన్, దాంతోపాటు 5 ఏకే-47లు, వెయ్యి తూటాలు, చేపలు పట్టడానికి ఏకే ఎందుకో ఆ సరంగునే అడగాల. 2024 నవంబరులో అండమాన్‌లో బ్యారెన్ ఐలాండ్ దగ్గర డోర్నియర్ నిఘా విమానం పైలట్ ఒక పడవ నడక చూసి అనుమానపడ్డాడు, తీరా ఎక్కి చూస్తే రెండేసి కిలోల ప్యాకెట్లు దాదాపు మూడు వేలు, మొత్తం మెత్ (మెథాంఫెటమిన్ అనే మత్తుమందు). ఎన్‌డీపీఎస్‌లో మెత్ 50 గ్రాములు దాటితేనే కమర్షియల్ క్వాంటిటీ, 10 ఏళ్లకి తక్కువ శిక్ష ఉండదు, అట్టాంటిది టన్నుల్లో. నేవీ కూడా తక్కువేం కాదు, 2024 ఫిబ్రవరిలో గుజరాత్ అవతల ఎన్‌సీబీతో కలిసి పట్టుకున్నది 3,300 కిలోల దాకా, అందులో చరస్సే 3,089 కిలోలు. 2025 మార్చి 31న ఐఎన్ఎస్ తర్కష్ పశ్చిమ హిందూ మహాసముద్రంలో ఒక ధౌ మీద 2,386 కిలోల హషీష్, 121 కిలోల హెరాయిన్ పట్టింది.

ఇది చూస్తే నీకు అనిపిస్తది, మరి నేను చెప్పిందీ అదే గదా అంకుల్, మిలిటరీ దిగితే పని అయింది గదా అని. ఆగు. పట్టుకోవడం వేరు, శిక్ష పడటం వేరు.

నాది ఒక కేసు చెప్తా, ఏ పోర్టు ఏ కోర్టు అనేది అడగొద్దు. తెల్లవారుజామున ఒక పడవ ఎక్కాం, సరుకు దొరికింది, రూలు ప్రకారం మా కుర్రోడు జీపీఎస్ స్క్రీన్‌కి ఫొటో తీశాడు, చోటు ఎక్కడో సాక్ష్యం ఉండాల గదా. ఒడ్డుకొచ్చాం, కేసు చూసే డిపార్ట్‌మెంటోళ్లకి అప్పజెప్పాం, పంచనామా రాశారు, మేం ఇంకో ఓడకి ట్రాన్స్‌ఫరైపోయాం, ఏళ్లు గడిచిపోయినాయి. అప్పుడు సమన్లు. బోనెక్కితే డిఫెన్సు లాయరు గారు చానా మర్యాదగా ఆ ఫొటో నా చేతికిచ్చి టైమ్ చదవమన్నారు. 14వ తేదీ రాత్రి 9.40 అని ఉంది. పంచనామా చదవమన్నారు. 15వ తేదీ తెల్లవారి 3.10. "అయ్యా, పడవని ఎక్కకముందే, ముందురోజు రాత్రే సరుకు ఫొటో ఎట్టా తీశారు మీరు?" అని. నా గొంతు ఎండిపోయింది. తర్వాత బుర్ర పనిచేసి చెప్పా, జీపీఎస్‌లో ఉండేది గ్రీన్‌విచ్ టైమ్ సార్, దానికి ఐదున్నర గంటలు కలిపితే మన టైమ్ వస్తది, అందుకే తేదీ కూడా మారింది అని. ఆ ఒక్క సంగతి మీద రెండు గంటలు నిలబెట్టారు నన్ను. తప్పు ఆయనది కాదు, మాది, ఫొటో కింద ఒక లైను రాసి ఉంటే సరిపోయేది. అప్పటినుంచి నా కింద పనిచేసిన ప్రతి కుర్రోడి చేత మార్కర్‌తో అట్ట మీద మన టైమ్ రాయించి, ఆ అట్ట పక్కన పెట్టి ఫొటో తీయించేవాణ్ణి, నవ్వుకునేవాళ్లు.

ఇట్టాంటివి బోలెడు ఉంటాయి. ఒంటిమీద సోదా చేయాలంటే గెజిటెడ్ ఆఫీసర్ ముందో మేజిస్ట్రేట్ ముందో చేయించుకునే హక్కు ఉందని అవతలోడికి చెప్పాల, వాడికి ఫార్సీయో బర్మీసో తప్ప రాదు, దుబాసీని యాడ తెచ్చేది సముద్రంలో? శాంపిల్స్ మేజిస్ట్రేట్ ముందు తీయాల. సీలు ఎవరిది, ఆ సీలు తర్వాత ఎవరి దగ్గరుంది. అరెస్టు చేస్తే 24 గంటల్లో కోర్టుకి చూపించాల, ప్రయాణం టైమ్ మినహాయింపు ఉంది గానీ ఓడకి ఒడ్డు చేరడానికి మూడ్రోజులు ఎందుకు పట్టిందో కూడా లాగ్‌బుక్‌తో చూపించాల్సి వస్తది. సిపాయికి నేర్పేది శత్రువుని ఆపడం, రుజువు చేయడం కాదు. అందుకే నేవీ పట్టుకున్నా ఎన్‌సీబీకి ఇస్తది, కేసు వాళ్లు నడుపుతారు, అదే కరెక్టు. మాలో మేం అనుకునేవాళ్లం, దూరం మనది, దస్త్రం వాళ్లది అని.

దస్త్రం లేకపోతే ఏమవుద్దో కూడా ఉంది. బహ్రెయిన్ హెడ్‌క్వార్టర్‌గా చానా దేశాల నేవీలు కలిసి తిరిగే దళం ఒకటుంది, మనమూ 2023లో ఫుల్ మెంబరయ్యాం. వాళ్లు అరేబియా సముద్రంలో ధౌల మీద పట్టుకున్న సరుకు చానాసార్లు అక్కడే నీళ్లలో పారబోస్తారు, మనుషుల్ని వదిలేస్తారు, ఎందుకంటే ఏ కోర్టులో పెట్టాల, ఎవరు కేసు నడపాల అనేది తేలదు. సరుకు పోయింది, మనిషి మాత్రం మళ్లీ ఇంకో లోడుతో వస్తాడు. సముద్రపు దొంగల విషయంలో మనకీ అదే తంటా ఉండేది, సరైన చట్టం లేక పాత ఐపీసీ సెక్షన్లతో నెట్టుకొచ్చాం. 2022లో యాంటీ పైరసీ చట్టం వచ్చాక కథ మారింది. 2024 మార్చిలో ఎంవీ రువెన్ గుర్తుంది గదా, మన తీరానికి 2,600 కిలోమీటర్ల అవతల ఐఎన్ఎస్ కోల్‌కతా ఆ ఓడని ఆపింది, సీ-17 విమానంలోంచి మార్కోస్ కమాండోలని పడవలతో సహా సముద్రంలోకి దింపారు, 40 గంటల ఆపరేషన్, 35 మంది సోమాలీలు లొంగిపోయారు, 17 మంది సిబ్బంది ప్రాణాలతో బయటపడ్డారు. ఆ పని ఏ పోలీసు స్టేషనూ చేయలేదు, అక్కడ మిలిటరీ తప్ప దిక్కులేదు. కానీ వారం తర్వాత ఆ 35 మందినీ తీసుకొచ్చి ఎవరికిచ్చారు? ముంబై పోలీసులకి.

ఇప్పుడు ఒడ్డు మీదకి వద్దాం. 2021 సెప్టెంబరులో ముంద్రా పోర్టులో రెండు కంటైనర్లలో 2,988 కిలోల హెరాయిన్ దొరికింది, ఆఫ్ఘనిస్తాన్ టాల్కం రాళ్లని చెప్పి ఇరాన్ మీదుగా తెప్పించారు, దిగుమతి చేసుకున్న కంపెనీ అడ్రసు ఎక్కడిదో తెలుసు గదా, మన విజయవాడ. అండమాన్, గుజరాత్ పడవలకి తప్ప ఇంక వేటికీ తీసిపోని మొత్తం అది, దాని మీద ఒక్క ఓడ తిరగలా, ఒక్క తూటా పేలలా. డీఆర్ఐ (స్మగ్లింగ్ కనిపెట్టే కేంద్ర రెవెన్యూ నిఘా సంస్థ) వాళ్లు ముందే అందిన సమాచారంతో పట్టుకున్నారు. ఎంత గట్టి కమాండోని నిలబెట్టినా సీలేసిన కంటైనర్‌లో ఏముందో వాడికి ఎట్టా తెలుస్తది?

ఎర్రచందనం కూడా అంతే. రాపూరు, ఉదయగిరి వైపు వెలిగొండ అడవులు చూసినోళ్లకి తెలుసు, ఆ చెట్టు ప్రపంచంలో మన తూర్పు కనుమల్లో ఈ కొన్ని జిల్లాల చుట్టుపక్కల తప్ప సహజంగా పెరగదు, కొనేవాడేమో చైనాలో. మధ్యలో నరికే కూలీ ఒకడు, మోసేవాడు ఒకడు, ముందు పైలట్ బండిలో పోయేవాడు ఒకడు, గోడౌన్ వాడు ఒకడు, కాగితం మీద దుంగల్ని ఇంకేదో సరుకుగా మార్చేవాడు ఒకడు, డబ్బు హవాలాలో తిప్పేవాడు ఒకడు. అడవిలోకి బెటాలియన్‌ని పంపితే ఎవరు దొరుకుతారు? గొడ్డలి పట్టుకున్న కూలీ. 2015 ఏప్రిల్‌లో శేషాచలంలో 20 మంది చచ్చిపోయారు, అందరూ తమిళనాడు కూలీలే, అది టాస్క్‌ఫోర్సు పనే, ఆర్మీ కూడా కాదు. వాళ్లు పోయినందుకు అవతల కొనేవాడికి రూపాయి నష్టం వచ్చిందా?

ఆర్మీని లోపలికి దించితే ఏమవుద్దో మెక్సికో చూసి నేర్చుకోవచ్చు. 2006 డిసెంబరులో అక్కడి ప్రెసిడెంటు కాల్డెరాన్ డ్రగ్ ముఠాల మీదకి వేల మంది సైన్యాన్ని పంపాడు, అందరూ నువ్వన్నట్టే అన్నారు, కొద్దికాలంలో సాఫ్ అని. పెద్ద తలకాయని పట్టుకుంటే ముఠా నాలుగు ముక్కలై ఒకరినొకరు చంపుకోవడం మొదలుపెట్టారు, చావులు పెరిగినాయి గానీ తగ్గలా. ఇంకో సంగతి, అక్కడ జెటాస్ అనే భయంకరమైన ముఠా ఉండేది, దాన్ని మొదలుపెట్టింది ఎవరనుకున్నావ్, సైన్యం కమాండో దళంలోంచి పారిపోయి వచ్చినోళ్లు. 1997లో అయితే డ్రగ్స్ నిర్మూలనకి దేశం మొత్తం మీద పెద్దగా పెట్టిన ఆర్మీ జనరల్ గుటిరెజ్ రెబోయోనే ఒక ముఠా పెద్దతో కుమ్మక్కైనందుకు అరెస్టు చేశారు. నా భయం కూడా ఇదే. ఈ ముఠాల దగ్గరుండే డబ్బు మామూలు డబ్బు కాదు, ఏ దళాన్ని దాని పక్కన ఏళ్ల తరబడి కూర్చోబెడితే ఆ దళానికి చెద పడుద్ది. పోలీసుకి చెద పడితే కనిపెట్టడానికి కోర్టుంది, పేపరోళ్లుండారు, పై ఆఫీసరుండాడు. సైన్యానికి పడితే సరిహద్దు కూడా పోద్ది.

మన దగ్గర సరిహద్దు వరకే ఉంచారు, మయన్మార్ బార్డర్‌లో అస్సాం రైఫిల్స్ హెరాయిన్, యాబా అనే మెత్ మాత్రలు పట్టుకుంటది, పట్టుకోని పోలీసుకో ఎన్‌సీబీకో కస్టమ్స్‌కో ఇస్తది. అంతకంటే లోపలికి రానీకపోవడమే మేలు.

మన తీరం సంగతి కూడా చెప్పి ముగిస్తా. 2008లో ముంబైకి కసబ్ గ్యాంగ్ వచ్చింది కుబేర్ అనే మన ఫిషింగ్ బోటులోనే. ఆ తర్వాతే మెరైన్ పోలీస్ స్టేషన్లు, రాడార్ల వరస, మత్స్యకారులకి ఫొటో కార్డులు, అన్నీ. అయినా రాష్ట్రానికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం, 20 మీటర్ల లోపు పడవలకి ఏఐఎస్ (పడవ ఎక్కడుందో చెప్పే పరికరం) తప్పనిసరి కాదు, చెక్క పడవ అలల్లో రాడార్‌కి సరిగ్గా ఆనదు. కృష్ణపట్నంలో కోస్ట్ గార్డ్ స్టేషనుంది, ఓడలుండాయి, అయినా రామాయపట్నం ఎదురుగా రాత్రి కొత్త పడవ ఒకటి ఆగిందంటే ముందు తెలిసేది మనోళ్లకే. తమిళనాడు కడలూరు నుంచి సోనాబోట్లనే పెద్ద ఇంజిన్ పడవలు మన నీళ్లలోకి వస్తే ఎంత దూరం నుంచి కనిపెడతారో చూశావ్ గదా, ఇంజిన్ చప్పుడు విని ఏ ఊరిదో చెప్తారు.

సాగర్ కవచ్ అని ఏటా డ్రిల్లు చేస్తారు, మావాళ్లే కొంతమంది దొంగల వేషంలో పడవలో వచ్చి ఒడ్డెక్కాల, మిగతావాళ్లు పట్టుకోవాల. ఒకసారి మా ముగ్గురు కుర్రోళ్లు లుంగీలు కట్టి, తలగుడ్డలు చుట్టి, రాడార్నీ పెట్రోల్ బోటునీ తప్పించుకోని దర్జాగా ఒక పాలెంలో దిగారు. రేవులో చేపలు వేలం పాడే ఒక పెద్దమ్మ పది నిమిషాల్లో పట్టేసింది. "ఎవుర్రా మీరు, పడవ దిగినోడు లుంగీ మోకాళ్ల పైకి కట్టకుండా తడుపుకుంటా వస్తాడా, ఆ పాదాలేంది పెళ్లికొడుకు పాదాల్లాగా" అని ఊరందర్నీ పోగేసింది. కుర్రోళ్లు ఐడీ కార్డులు చూపించినా నమ్మలా, దురాయి పెద్ద, అంటే పాలెం కట్టుబాట్లు చూసే పెద్దమనిషి, వచ్చేదాకా వలల పాకలో కూర్చోబెట్టారు. మా ఆఫీసరు ఆ సాయంత్రం స్వీట్లు పట్టుకోని వెళ్లి విడిపించుకొచ్చాడు. మన తీరంలో యాడన్నా తేడాగా కనిపిస్తే మెరైన్ పోలీసుకి 1093, కోస్ట్ గార్డ్‌కి 1554, గంజాయి గింజాయి అయితే ఈగల్ (మన రాష్ట్ర పోలీసుల డ్రగ్స్ నిరోధక దళం) వాళ్లకి 1972, ఇయి ఫోన్‌లో సేవ్ చేసుకో.

ఇంక నీ రెండో ప్రశ్న, సీడీఎస్సా ఎన్‌సీబీయా. నీకు కాగితం మీద ఓపికుంటే, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కాల్ రికార్డులు ముందేసుకోని నెలల తరబడి కూర్చోగలిగితే ఎన్‌సీబీ, డీఆర్ఐ, కస్టమ్స్, అక్కడే ముఠా మూలం దొరికేది. లేదు, నాకు సముద్రమే కావాలంటే, నీది ఇంజనీరింగ్ డిగ్రీ అయితేనే సీడీఎస్‌లో నేవీ పెట్టుకో, కోస్ట్ గార్డ్‌కి అసిస్టెంట్ కమాండెంట్ నోటిఫికేషన్ వేరేగా వస్తది, అదీ చూసుకో. ఏదైనా సరే ఫారం నింపకముందు ఒక పని చెయ్యి, మీకు కొత్తపట్నం దగ్గరే గదా, తెలిసినోళ్ల పడవెక్కి ఒక రాత్రి వేటకి పోయి రా. తెల్లారేదాకా వాంతులు చేసుకోని కూడా మళ్లీ పోవాలనిపిస్తే అప్పుడు మెసేజ్ పెట్టు, ఏ పుస్తకాలు చదవాలో చెప్తా.